తెర మీద పెట్టిన మాట

మేనేజర్లకు నేను నేర్పేది పెద్ద విద్యేమీ కాదు. ఏం సాధించాలో తేల్చుకోవడం, దాన్ని మనుషుల చేత చేయించడం, అంతే. మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోదాని దగ్గరికొచ్చేసరికి థాయ్‌లాండ్‌లోని మా ఖోన్‌కేన్‌లో అందరికీ నోరు పడిపోతుంది.

తనత్‌ది కూడా ఆ జబ్బే. చేపల వలలు తయారుచేసే కంపెనీలో అమ్మకాల మేనేజరు అతను. వానాకాలం అయ్యేలోగా మెకాంగ్ నది ఒడ్డు జిల్లాల్లో అమ్మకాలు పెరగకపోతే కుర్చీ ఖాళీ చేయాల్సిందేనని యజమానురాలు చెప్పేసింది. ఆ జిల్లాలు చూసేది సమ్రువయ్. తనత్ కంటే బాగా పెద్దవాడు. తనత్ ఉద్యోగంలో చేరిన కొత్తలో వ్యాన్‌లో పక్కన కూర్చోబెట్టుకుని ఊరూరా తిప్పి, ఏ కొట్టువాడితో ఎలా మాట్లాడాలో నేర్పింది ఆయనే. ఇప్పుడు నదిలో పంజరాలు కట్టి చేపలు పెంచేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకే వలలు ఎక్కువ కావాలి. సమ్రువయ్ మాత్రం పాత కొట్లు వదిలి రాడు.

ఎవరు ఎంత అమ్మాలో తనత్ పోయినేడూ ఈ ఏడూ తన మనుషులందరికీ చెప్పాడు, ఒక్క సమ్రువయ్‌కి తప్ప.

"ఆయన అంకేదీ?" అన్నాను.

"అన్నకి నేనెలా చెప్తానక్కా? నాకు పని నేర్పినాయన. బాగుండదు."

"నీ ఉద్యోగం ఊడితే బాగుంటుందా?"

నవ్వాడు. ఏం చెప్పాలో తోచకపోతే మావాళ్లకు నవ్వు వస్తుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన్ని ఒక్కడినే కాఫీకి తీసుకెళ్లి నెమ్మదిగా చెప్పమని పంపించాను.

తీసుకెళ్లాడు. వానల గురించి, సమ్రువయ్ మోకాలి నొప్పి గురించి మాట్లాడి వచ్చేశాడు. ఎదురుగా కూర్చుంటే నోరు పెగల్లేదట. అందుకని సోమవారం మీటింగులో ఓ తెలివైన పని చేశాడు. ఆఫీసులో అందరి ముందూ తెర మీద లెక్కల బొమ్మ వేశాడు. అందరి గీతలూ ఆకుపచ్చ, సమ్రువయ్‌ది ఎరుపు, పక్కనే పేరు. తను ఒక్క మాట అనే పని లేకుండా తెరే అంతా చెప్పేసిందని సంబరపడ్డాడు. మొహమాటపడి మరీ మనిషి పరువు తీయడం మావాళ్లకే చేతనవును.

సమ్రువయ్ చిరునవ్వుతో తలూపాడు. "బాగా వేశావు తమ్ముడూ" అన్నాడు. మధ్యాహ్నం అందరికీ బొప్పాయి పచ్చడి, కాల్చిన కోడి, జిగురన్నం తెప్పించాడు. పెద్దవాడు కాబట్టి డబ్బూ తనే ఇచ్చాడు. తను మాత్రం ముద్ద ముట్టకుండా, కంపెనీ వ్యాన్ తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

తనత్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఏదైనా ప్లాన్ చెప్పండి."

"ప్లానూ లేదు, ఏమీ లేదు. పెద్దవాళ్లని క్షమాపణ అడిగేటప్పుడు పెట్టినట్టు పళ్లెంలో పూలు, అగరొత్తులు, కొవ్వొత్తులు పెట్టుకో. పద, నేనూ వస్తా."

సమ్రువయ్ స్తంభాల మీద కట్టిన తన ఇంటి కింద నీడలో కూర్చుని పాత వల బాగుచేసుకుంటున్నాడు. తనత్ మోకాళ్ల మీద కూర్చుని, పళ్లెం ముందుకు జరిపి వంగి దణ్ణం పెట్టాడు.

"నలుగురిలో మిమ్మల్ని చిన్నబుచ్చాను. క్షమించండన్నా."

ఆయన పళ్లెం అందుకుని దీవించాడు. లోపల్నుంచి మంచినీళ్లు వచ్చాయి. తనత్ ఊపిరి పీల్చుకుని మళ్లీ మోకాలి నొప్పి గురించి అడగబోయాడు. నేను గట్టిగా దగ్గాను.

"అన్నా," అన్నాడు నేలచూపులు చూస్తూ, "మీరు పంజరాలవాళ్ల దగ్గరికి వెళ్లట్లేదు. వెళ్లాలి. లేకపోతే నన్ను తీసేస్తారు."

సమ్రువయ్ వల పక్కన పెట్టాడు.

"ఈ మాట పోయినేడే అనొచ్చుగా?"

"మీరు బాధపడతారని..."

"ఏడాది నుంచీ పడుతూనే ఉన్నా. అందరికీ ఇంత అమ్మాలని చెప్పావు, నాకేమీ చెప్పలేదు. ముసలాడు, రేపో మాపో పోయేవాడు, వీడితో ఏం పనిలే అనుకున్నావనుకున్నా. అడిగేవాడే లేకపోతే ఎవడి కోసం తిరగాలి?"

తనత్ ఏడ్చేశాడు. వాడు గౌరవమనుకుని చేసిన పనికి ఈయన ఏడాది పాటు లోలోపల కుమిలిపోయాడు.

"సర్లే, ఏడుపాపు. ఇంతకీ నాదెంత?" అన్నాడు సమ్రువయ్.

తనత్ కళ్లు తుడుచుకుని ఒక అంకె చెప్పాడు. మరీ చిన్నది.

"జాలిపడుతున్నావా? అసలుది చెప్పు."

చెప్పాడు.

"అంత కుదరదు. వరదలప్పుడు పైజిల్లాల వాళ్లు పంజరాలు ఎత్తేస్తారు. నీకు తెలీదా?"

"కింది జిల్లాల్లో ఎత్తరుగా. అక్కడ మొదలెట్టండి."

"వ్యాన్ ఆ రోడ్ల మీద పోదు."

"ఇంకోటి ఇప్పిస్తా. అంకె మాత్రం తగ్గించను."

ఖోన్‌కేన్‌లో ఒక పెద్దాయన తన పైవాడి మొహం మీదే కుదరదనడం, ఆ పైవాడు వెనక్కి తగ్గకపోవడం నేనెప్పుడూ చూడలేదు. గొంతులు లేచేసరికి సమ్రువయ్ భార్య మెట్ల మీంచి తొంగిచూసింది.

"ఏంటా గొడవ? ఎవరొచ్చారు?"

"గొడవేం లేదే," అన్నాడు సమ్రువయ్. "మా మేనేజరుగారు."

అప్పటిదాకా ఆయన అతన్ని తమ్ముడనే పిలిచేవాడు.