చప్పుడు చేయని కంప్యూటరు

మా బావకు చెవులు ఎక్కువ. లిఫ్టు మెకానిక్కు కదా, స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగు ఎప్పుడు పోతుందో చెప్పేస్తాడు. ఆ విద్యే అతనికి కూడు పెట్టింది, కాదనను. మా అక్క పాటను మింగింది కూడా ఆ విద్యే.

అక్క దర్జీ. వీధివైపు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను. పొద్దున్నే తొక్కడం మొదలుపెట్టిందంటే పాట కూడా మొదలయ్యేది. ఎవరో కట్టిన పాటలు కావు. అప్పటికప్పుడు తనే కట్టుకునేది. బొజ్జ పెరిగినా పాత కొలతే అనే పెద్దమనిషి మీద ఒకటి, టేపు పెట్టగానే ఊపిరి బిగబట్టే ఆవిడ మీద ఒకటి. పారిపోయిన గుండీ పాటంటే నాకు ప్రాణం. ‘గుండీ గుండీ ఎక్కడికే, దారమైనా తోడు లేక’ అని మొదలవుతుంది. ఏదీ రాసిపెట్టుకోలేదు. రోజూ ఇంట్లో వినిపించే పాటను రాసుకోవాలని ఎవరికి తోస్తుంది?

గొంతులో గడ్డ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేయాలి, ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు అన్నాడు డాక్టరు. ఆపరేషనుకు నెల గడువిచ్చాడు. అప్పటికే సాయంత్రానికి అక్క గొంతు బొంగురుపోయేది. పొద్దుటిపూట మాత్రం పాత గొంతే.

“దాని పాటలన్నీ ఎక్కించేస్తాను,” అన్నాడు బావ, ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే. “రికార్డింగుకని కంప్యూటరు నేనే కడతాను.”

“ఫోన్లో చేస్తే పోయేదానికి ఇంత హడావిడెందుకు బావా?”

“ఫోన్లోనా? పక్కింటి కుక్క మొరిగినా దూరుతుంది అందులో. నేను చచ్చేదాకా వినాల్సిన గొంతమ్మా అది!”

స్టూడియోకు వెళ్దామంటే అక్క ఒప్పుకోలేదు. కొత్తవాళ్ళ ముందు తనకు నోరు పెగలదు. దాంతో కంప్యూటరు కట్టడమే ఖాయమైంది.

సామాను కొనడానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. నేను బేకరీలో తెల్లవారుజాము పని చేస్తాను, పొద్దెక్కాక ఖాళీ. ప్రాసెసర్, మదర్‌బోర్డు చిటికెలో తీసుకున్నాడు. ఫ్యాన్ల దగ్గరే చిక్కు వచ్చిపడింది. కొట్టువాడితో ఒక్కొక్క ఫ్యానూ తిప్పించి, స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. వెనక జనం పోగయ్యారు.

“పిల్లకు సంబంధం చూసేటప్పుడు కూడా ఇంత వాకబు చెయ్యరండీ,” అన్నాడు కొట్టువాడు.

నేను నవ్వాను. బావ నవ్వలేదు.

ఇంటికి తెచ్చిన ఫ్యాను సన్నగా మూలిగిందని మార్చాడు. తిరిగే డిస్కు కిర్రుమంటోందని దాన్నిచ్చేసి, లోపల ఏదీ తిరగనిది తెచ్చాడు. పెట్టె రేకు అదురుతోందంటే అక్కే కుట్టు పనిలో మిగిలిన మందపాటి గుడ్డముక్కలు చేర్చి లోపలికి మెత్తలు కుట్టిచ్చింది. కుడుతూ కూనిరాగం తీసింది కూడా. అప్పుడు మైకు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

“ఇక అయిపోయినట్టే కదా?” అన్నాను.

“ఇల్లు అలకగానే పండగ కాదే,” అని కన్ను గీటింది అక్క.

మైకు బయటికొచ్చాక పరీక్షలు మొదలయ్యాయి. బావ తలుపులు మూసి, కుట్టుమిషను ఆపించి, ఖాళీ గదిని రికార్డు చేసేవాడు. పాట లేకుండా రికార్డు చేస్తేనే కంప్యూటరు చప్పుడు ఎంతో తేలుతుందట. ఆ సమయంలోనే అక్క తలుపు తీసి, “ఏవండీ, టీ చల్లారిపోతోంది,” అనేది. లేదా కత్తెర కోసం వచ్చి, మరిచిపోయి ఒక ముక్క పాడేసేది.

“అబ్బా! మళ్ళీ మొదలుపెట్టాలి,” అని బావ ఆ రికార్డింగు చెరిపేసేవాడు.

పొద్దుటిపూట, మంచి గొంతుతో పాడిన ముక్కలు అవి. నేను తగువేసుకున్నాను. ఒకరోజు చాటుగా ఫోను తీసి అక్క ముందు పెడితే, తను అరచేత్తో కప్పేసింది.

“వద్దే. తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారు.”

“నీ గొంతు పోతుంటే ఆయన అలకలు చూడాలా?”

“ఆ పని లేకపోతే ఆయన కూలబడిపోతారే. కట్టుకోనీ. అయ్యాక ఆయన కంప్యూటర్లోనే పాడతాను. కాకపోతే మిషను తొక్కుతూనే పాడతానని చెప్పు. కాలు ఆడకపోతే నాకు పాట రాదు.”

చెప్పాను. “మిషను చప్పుడు సంగతి తర్వాత చూద్దాం,” అన్నాడు. ఆ మనిషి నా మాట చెవిన పెడితే కదా! ముందు పవర్ సప్లై సంగతి తేలాలట. సన్నగా ఈల వేస్తోందట. నేను చెవి ఆనించి విన్నాను, అక్కా విన్నది, మాకేమీ వినబడలేదు. అయినా దాన్ని వాపసు పంపించి వేరేది తెప్పించాడు. అది దారిలో ఉండగానే అక్కకు ఊపిరాడలేదు.

మధ్యాహ్నం, మిషను మీదే. టాక్సీలోకి ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, “సూది గుడ్డలోనే ఉండిపోయింది, పైకి లేపు,” అంది. అక్క నోట నేను విన్న ఆఖరి మాట అదే. గడువు సంగతి గడ్డకు తెలియదుగా! ఆ సాయంత్రమే గొంతుకు రంధ్రం పెట్టారు. ఆపరేషను కూడా ఆ వరసలోనే చేసేశారు.

అక్క ఇల్లు చేరేసరికి కొత్త పవర్ సప్లై వచ్చింది, బావ బిగించేశాడు. మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని అక్క నేరుగా గదిలోకి వెళ్ళింది. కంప్యూటరు నడుస్తోంది. పెట్టెకు చెవి ఆనించి విన్నది. చాలా బాగుందన్నట్టు తలూపింది. బావ గోడవైపు తిరిగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “అన్ని పరీక్షలు చేశావుగా బావా, అక్క మాట ఒక్కటైనా మిగిలిందేమో చూడు.”

ఉన్నవన్నీ ఒక్కొక్కటే వినిపించాడు. ఖాళీ గది. మళ్ళీ ఖాళీ గది.

“మాట పడినవి తీసేశాను,” అన్నాడు. “ఉంచితే లెక్క తప్పుతుందని.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారంటారు. మాకు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. బావను కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ రోజు నేను సూది లేపి వదిలేసిన గుడ్డ అలాగే ఉంది. దాన్ని సరిచేసి, సూది దించి, రికార్డు చెయ్యమని బావకు చేత్తో చూపించింది. మైకు దగ్గరికి లాగమంది. తొక్కడం మొదలుపెట్టింది.

నాలుగు కుట్లు పడేసరికే నాకు తెలిసిపోయింది. గుండీ పాట. గుండీని పిలిచేచోట కాలు త్వరపడింది, తోడు లేదనేచోట నెమ్మదించింది. నేను అందుకుని పాడాను, ‘గుండీ గుండీ ఎక్కడికే, దారమైనా తోడు లేక’. ఆ తర్వాత నాకు రాదు. అక్క నావైపు చూసింది. పెదవులు కదిలించి తర్వాతి మాటలు అందించింది, నాకు అర్థం కాలేదు. తల అడ్డంగా ఊపాను. అక్క ముఖం తిప్పుకుని చివరిదాకా తొక్కింది.

కాగితం మీద మాటలు రాసివ్వగలదు. బాణీ ఎలా రాస్తుంది?

తొక్కడం అయ్యాక వినిపించమంది. ముగ్గురం కూర్చుని విన్నాం. నా రెండు ముక్కలూ అయిపోయాక ఒట్టి మిషనే నడిచింది. రికార్డింగు చాలా బాగా వచ్చింది. సూది గుడ్డలో దిగడం కూడా విడివిడిగా వినిపించింది. ఫ్యాను చప్పుడు ఎక్కడా లేదు.