లిఫ్టులో చచ్చిపోయిన బుగ్గల పిల్ల

అత్తగారి కుడికంటి ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగిందని, వారం తిరిగేసరికి చీమ తలకాయ కూడా కనిపిస్తుందని డాక్టరు చెప్పగానే కొడుకు హమ్మయ్య అనుకున్నాడు. కోడలి గుండెల్లో మాత్రం రాయి పడింది. పాపం అత్త మీద ప్రేమ లేక కాదు. అసలు గొడవంతా ఆ ప్రేమ దగ్గరే వచ్చింది.

ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరిదీ ఒకటే పని. దర్జీ దుకాణం నుంచి వచ్చే స్కూలు చొక్కాలకి కోడలు కాజాలు తీస్తుంది, అత్త గుండీలు కుడుతుంది. శుక్లాలు ముదిరి ఆవిడకి మనుషులే మసగ్గా ఆనేవారు గానీ, గుండీకున్న నాలుగు చిల్లుల్నీ వేలికొసతో తడిమి గట్టిగా కుట్టేసేది. సూదిలో దారం మాత్రం కోడలే ఎక్కించి ఇవ్వాలి. పెళ్ళైన ఆరేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన సంభాషణంతా "దారం", "ఇదిగోండి" అన్న రెండు మాటల్లో సర్దుకుపోయేది. పోట్లాటలు లేవు. పోట్లాడుకోవాలన్నా నాలుగు మాటలుండాలి కదా.

కోడలికి దెయ్యం కథలంటే పిచ్చి. అత్తకి ఆ పేరెత్తితే గిట్టదు. "నా ఇంట్లో దెయ్యాల ఊసు రావడానికి వీల్లేదు" అని కాపురానికొచ్చిన కొత్తలోనే ఒక పుస్తకాన్ని లైబ్రరీకి తిప్పి పంపించింది. అప్పట్నుంచీ కోడలు తన దెయ్యాలన్నిటినీ పప్పు డబ్బాల వెనకాల దాచి పోషించుకుంటోంది.

నిరుడు ఇంట్లో పెద్ద టీవీ వచ్చాక, మధ్యాహ్నం రెండింటికి మిషను ఆపి, చేతికుట్టు ముందేసుకుని, కోడలు కొరియన్ డ్రామా చూడటం మొదలెట్టింది. మాటలు కొరియన్‌లో, కింద తెలుగు అక్షరాలు. అత్త గుండీలు కుడుతూనే రెండు రోజులు చెవులు రిక్కించి, మూడోరోజు ఉండబట్టలేక అడిగింది. "ఆ పిల్ల ఏమంటోందే?"

అప్పుడే కోడలు తల వంచి సూదిలోకి దారం ఎక్కిస్తోంది. కింద అక్షరాలు వెళ్ళిపోయాయి. ఏదో ఒకటి చెప్పాలి గనక, తనకి తోచింది చెప్పేసింది. "తన మాట ఎవరికీ వినపడట్లేదేమిటి అంటోంది అత్తయ్యా."

"అయ్యో, ఎందుకు వినపడదు?"

ఆరేళ్ళలో అత్త తనని అడిగిన మొదటి ఎందుకు అది. కోడలికి ఒళ్ళు పొంగిపోయింది. "అదే తెలియట్లేదండీ, రేపు చూద్దాం" అంది.

అంతే. మర్నాటికి కోడలు చెప్పే కథలో, పూలకొట్టులో పనిచేసే ఆ బుగ్గల పిల్ల లిఫ్టులో చచ్చిపోయింది, ఆ సంగతి ఆ పిల్లకే తెలియదు. ఆ పైవారానికి గొడుగు పట్టుకు తిరిగే అబ్బాయి ఒక్కడికే ఆమె కనిపించింది. కోడలు నోటితో దెయ్యం అన్న మాట అనలేదు. "పాపం, పోయిన పిల్ల" అని మర్యాదగా చెప్పింది. అత్త చీరచెంగుతో కళ్ళొత్తుకుంది. తెరమీద చప్పుడు విని, "పోయిన పిల్ల అంత ఆబగా తింటోందేమే?" అని ఒకసారి నిలదీసింది కూడా. "పోయినవాళ్ళకి ఆకలెక్కువ అత్తయ్యా, ఎంత తిన్నా ఒంటబట్టదు. చూడండి, ఎంత సన్నగా ఉందో" అని కోడలు తడుముకోకుండా సర్దేసింది. చూడండి అన్నది ఎవరితోనో తలచుకుని తర్వాత నాలిక్కరుచుకుంది.

రెండింటికి మొదలైన కబుర్లు కూరలు తరిగేదాకా సాగేవి. బుగ్గల పిల్ల గురించి మొదలై అత్త చిన్నతనం మీదుగా కోడలి పుట్టింటిదాకా వెళ్ళేవి. నాలుగింటికి మేడమీది టీచరమ్మ దిగివచ్చి మెట్లమీద కూర్చునేది. అత్త ఆవిడకి కథంతా చిలవలు పలవలు అల్లి చెప్పేది. ఇంత బతుకూ ఆ ఒక్క అబద్ధం మీద నిలబడి ఉంది. ఇప్పుడు ఆవిడకి కళ్ళొచ్చాయి.

"చివరి భాగం నా కళ్ళతో నేనే చదువుకుంటాను. నేను చెప్పేదాకా పెట్టకు" అని అత్త ఆపరేషన్‌కి ముందే ఒట్టు పెట్టింది. కోడలు ఒకరోజు నెట్ రావట్లేదంది, కొడుకు బాగుచేశాడు. ఇంకోరోజు రిమోట్ కనపడట్లేదంది. బీరువా కింద ఉన్నదాన్ని అత్తే చూసి తీసి చేతిలో పెట్టింది, కొత్త కన్ను కదా.

ఇక తప్పలేదు. రెండింటికి చివరి భాగం మొదలైంది. తెరమీద పెళ్ళి. గొడుగు అబ్బాయి ఏదో అన్నాడు. అత్త ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుని చదివింది. "పూల... కొట్టు... అప్పు తీరిపోయింది. ఇక మనం... హాయిగా ఉందాం." జనమంతా చప్పట్లు కొట్టారు. బుగ్గల పిల్ల అందరితోనూ మాట్లాడింది, అందరికీ వినపడింది.

అయిపోయాక టీవీ ఆపే ధైర్యం కూడా కోడలికి లేకపోయింది. "నేనే కల్పించానత్తయ్యా" అంది.

"ఎప్పట్నుంచి?"

"మూడోరోజు నుంచి."

"మరి లిఫ్టు?"

"లిఫ్టు ఉంది. చెడిపోయిందంతే. మెట్లెక్కి వెళ్ళిపోయింది."

"అద్దంలో కనపడకపోవడం?"

"అద్దం తుడవలేదండీ."

అత్త చేతిలో చొక్కా పక్కన పెట్టింది. "ఏడ్చానే ఆ పిల్ల కోసం. మా ఆయన పోయినప్పుడు కూడా నలుగురిలో అంత ఏడవలేదు" అంది.

రేపట్నుంచి మళ్ళీ దారం, ఇదిగోండి అనుకుంది కోడలు. "తిట్టండి అత్తయ్యా, మాట్లాడటం మాత్రం మానకండి" అంది. అత్త జవాబు చెప్పేలోగా తలుపు చప్పుడైంది. నాలుగయింది.

టీచరమ్మ గుమ్మంలోనే ఆత్రంగా అడిగింది. "ఏమైంది వదినా? తను పోయానని ఆ పిల్లకి తెలిసిందా?"

కోడలు తేలుకుట్టిన దొంగలా మిషను వెనక్కి జరిగింది. అత్త టీచరమ్మని చూసింది, కోడల్ని చూసింది.

"తెలిసింది. పెళ్ళిలో ఆ అబ్బాయి ఉంగరం తొడిగాడా, వేలికి ఆగితేనా? నేలమీద పడి గుండ్రంగా తిరిగింది. అప్పుడు తెలిసింది పిచ్చితల్లికి. ఏమీ అనలేదు. ఒంగి ఉంగరం తీసి వాడి జేబులో పెట్టి, నవ్వుతూ లిఫ్టెక్కేసింది."

టీచరమ్మ ముక్కు చీదుకుంటూ మేడెక్కింది. కోడలు నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయింది. ఏడాదిపాటు బుర్ర బద్దలుకొట్టుకున్నా తనకి ఆ ఉంగరం తట్టలేదు. కాస్త అసూయ కూడా కలిగింది.

"వాళ్ళకి రాయడం చేతకాలేదు. అప్పు తీరిపోయిందట, అదొక ముగింపా?" అంటూ అత్త వచ్చి చొక్కా ఒళ్ళోకి తీసుకుంది. "రేపు రెండింటికి కొత్తది పెట్టు. కింద ఆ అక్షరాలు తీసేసి మరీ పెట్టు. ఈసారి పోయింది ఎవరో నేను చెప్తాను."

"అలాగే అత్తయ్యా."

"డబ్బాల వెనక పుస్తకాలకి పురుగు పడుతుంది. తెచ్చి అలమరలో పెట్టుకో."

కోడలు కళ్ళు తుడుచుకుని, అలవాటుకొద్దీ సూదీ దారం అందుకుంది. అత్త ఆమె చేతిలోంచి లాక్కుని, వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని, ఒక్కసారికే దారం ఎక్కించి కోడలికి ఇచ్చింది.

"ఇదిగో" అంది.