అరల్లో అబద్ధాలు

మా ఓనరు రామకోటేశ్వరరావు గారు కన్సల్టెంటును పిలిపిస్తున్నానని చెప్పిన రోజే నాకు సంగతి అర్థమైంది. కన్ను కొట్టు మీద, సాల్టు నా పుండు మీద.

ఆటోనగర్లో మాది లారీ స్పేర్ పార్టుల కొట్టు. ఇరవై ఆరేళ్ళుగా కౌంటర్లో నేనే, జీవరత్నం. లోపల నలభై ఇనప ర్యాకులు, ర్యాకుకి ఆరేసి అరలు. ఏ అరలో ఏ బేరింగుందో, ఏ బండికి ఏ ఆయిల్ సీలు పడుతుందో రాసిన కాగితం ముక్క కొట్టు మొత్తమ్మీద లేదు. అంతా నా బుర్రలోనే ఉంది. బుర్రకి జిరాక్సు తీయలేరు కాబట్టి ఉద్యోగానికి ఢోకా లేదనుకుని బతుకుతున్నాను.

ఆమధ్య డెంగీ వచ్చి పది రోజులు మంచం దిగలేదు. ఆ పది రోజుల్లో మా మెకానిక్కుల్లో సగం మంది పక్క కొట్టుకి పోయారట. నేను లేకపోతే ఎట్లా ఉంటుందో తెలిసొచ్చిందిగా అని లోలోపల మురిసిపోయాను. ఓనరు గారు మురవలేదు. రత్నం లేకపోయినా కొట్టు నడిచేట్టు ఉండాలని ఆయన ఫోన్లో ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది. జ్వరం తగ్గింది గానీ వణుకు తగ్గలేదు.

వారానికల్లా సింధూరి అనే అమ్మాయి దిగింది. బెంజి సర్కిల్ దగ్గర వాళ్ళ ఆఫీసు. ముప్పై దాటి ఉండవు. ముందు రిక్వైర్‌మెంట్స్ తీసుకుంటామంది. తీసుకునేది ఎవరి రిటైర్‌మెంటో నాకు తెలీదా? తర్వాత డేటా మైగ్రేషన్ అంది. డేటా వలసపోతే దాని వెనకాలే మూటాముల్లే సర్దుకోవాల్సింది నేనేగా. ఆఖర్న గో లైవ్ అంది. అందులో లైవ్ కంప్యూటరుకి, గో నాకు. బార్‌కోడ్ అన్నప్పుడు మాత్రం కాస్త అర్థమైనట్టే అనిపించింది. బారూ తెలుసు, కోడీ తెలుసు, రెండూ కలిస్తే మా బావమరిదింట్లో ఆదివారం సాయంత్రమనీ తెలుసు. ఆమె చెప్పింది అది కాదట.

అన్నిటికన్నా అనుమానం ఎక్కడొచ్చిందంటే, కంప్యూటరు పెట్టడానికొచ్చిన మనిషి కంప్యూటరే తేలేదు. నోటుపుస్తకం పట్టుకుని మూడు వారాలు కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను లేచినప్పుడల్లా ఏదో రాసేది, కూర్చున్నప్పుడల్లా ఏదో రాసేది. టీకి ఎన్నిసార్లు వెళ్ళాను, బాత్రూముకి ఎన్నిసార్లు వెళ్ళాను అని లెక్క రాస్తోందేమోనని రెండు రోజులు ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. ఏం రాస్తున్నారు మేడం అంటే, ఊరికే అండీ అంది. ఊరికే రాసుకోవడానికి ఊరంతా ఉండగా మా కొట్టే దొరికిందా?

మా దగ్గర బేరం మాటల్తో నడవదు. మెకానిక్కు వస్తాడు, మసిగుడ్డలో చుట్టిన అరిగిపోయిన ముక్క తీసి కౌంటరు మీద పెడతాడు. పేరు చెప్పడు, నంబరు చెప్పడు. నేను దాన్ని చేత్తో తడిమి, లోపలికెళ్ళి కొత్తది తెచ్చి పక్కన పెడతాను. అంతే. దీన్నే ఆ అమ్మాయి గుడ్లప్పగించి చూసేది. మధ్యలో ఫలానాది ఏ అరలో ఉంటుందండీ అని అడిగేది. అరల గురించి అడిగితే నేను అరనిజాలు చెప్పేవాణ్ణి. పదకొండో ర్యాకులో ఉన్నదాన్ని పదిహేడు అనేవాణ్ణి, పై అరలోదాన్ని కింద అనేవాణ్ణి. ఆమె తలూపి రాసుకునేది. రాసుకోమ్మా రాసుకో, రాత బాగుంటేగా అనుకునేవాణ్ణి.

నాలుగో వారం ప్లాను చెప్పింది. కొట్టంతా ఒకేసారి మార్చరట. ముందు నాలుగో ర్యాకు, అంటే ఆయిల్ సీళ్ళ ర్యాకు ఒక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించి, సోమవారం నుంచి చూస్తారట. అది కుదిరితేనే మిగతావి. శనివారం ప్రతి అరకీ ఫొటో తీసి చీటీ అంటించింది. ఓనరు గారు దగ్గరుండి చూస్తూ, రత్నం, ఇక నీకు శ్రమ తగ్గుతుందయ్యా అన్నారు. తగ్గించేది శ్రమనో, శ్రామికుణ్ణో ఆయన విడమరచలేదు.

కొట్టు తాళాలు నా దగ్గరే ఉంటాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్ళి, మూడో అరలో సీళ్ళ పెట్టె తీసి ఐదో అరలో పెట్టాను, ఐదులోది మూడులో పెట్టాను. ప్రార్థనకి ముందే చేసి ఉంటే అక్కడ ఒప్పుకోవాల్సి వచ్చేది. రెండు పెట్టెలూ ఒక్కలాగే ఉంటాయి. లోపల సైజులో తేడా రెండు మిల్లీమీటర్లే. సోమవారం కంప్యూటరు బొక్కబోర్లా పడుతుంది, మేడం బెంజి సర్కిల్ చేరుతుంది అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే, ఆమె ఇంకా రాకముందే, హనుమాన్ జంక్షన్ నుంచి మెకానిక్ బసవయ్య బండేసుకుని వచ్చాడు. కైకలూరు చేపల లోడు లారీ, వెనక చక్రం హబ్ విప్పి రోడ్డు పక్కన పెట్టారట. పాత సీలు కౌంటరు మీద పెట్టాడు. తడిమాను. నా కాళ్ళు నన్ను అడిగి కదిలేవి కావు. అవి పాతికేళ్ళ అలవాటుగా నాలుగో ర్యాకు మూడో అర దగ్గరికి పోయాయి, చెయ్యి పెట్టెలోంచి ఒకటి తీసింది. బసవయ్య దాన్ని చూడను కూడా చూడకుండా జేబులో వేసుకున్నాడు. రత్నం ఇచ్చినదాన్ని ఎవరూ చూడరు.

పదిన్నరకి ఫోనొచ్చింది. బసవయ్యే. "రత్నం గారూ, మీరిచ్చింది పట్టట్లేదండీ. ఐసు నీళ్ళు కారిపోతన్నాయి, లారీ ఓనరు నా పీకల మీద కూర్చున్నాడు."

స్పీకరు ఆన్‌లో ఉంది. ఓనరు గారు ఎదురుగా ఉన్నారు. సింధూరి నాలుగో ర్యాకు ముందు ఫోను చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. అర వంకా చూసింది, నా వంకా చూసింది.

ఓనరు గారు ఆమె వైపు తిరిగి, ఈ మనిషి మీద ఆధారపడితే ఇట్లాగే ఉంటుందనీ, ఇక రత్నాన్ని పక్కనపెట్టి పని కానివ్వమనీ అన్నారు. ఇరవై ఆరేళ్ళలో ఆయన నా ఎదుటే నా గురించి "ఈ మనిషి" అనడం అదే మొదలు.

"తప్పు మా ప్లాన్‌లో ఉందండీ" అంది సింధూరి. "తేదీ తొందరపడి పెట్టాం. ఒక్క గంట టైమివ్వండి."

ఇప్పుడు నా అనుమానం రెండింతలైంది. నన్ను తొక్కడానికొచ్చిన మనిషి నన్నెందుకు ఎత్తుతోంది? టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళి అడుగుదామనుకుంటే, ఆమే నన్ను తీసుకెళ్ళింది. ఫోన్లో రెండు ఫొటోలు పక్కపక్కన చూపించింది. ఒకటి శనివారంది, ఒకటి ఇవాళ్టిది. తర్వాత నోటుపుస్తకం తెరిచింది. ఒక వరసలో నేను చెప్పిన ర్యాకులు, పక్క వరసలో నేను నిజంగా నడిచిన ర్యాకులు.

"మీ నోరు చెప్పింది ఒకటి, మీ కాళ్ళు వెళ్ళింది ఒకటి. నేను కాళ్ళనే నమ్మానండీ."

"మరి ఓనరు గారికి చెప్పలేదేం?"

"మీ మీద జాలిపడి కాదు" అంది టీ ఊదుకుంటూ. పోయినేడు ఒక కోల్డ్ స్టోరేజీలో ఇట్లాగే స్టోర్ కీపర్ని పక్కనపెట్టి చేశారట. రెండో నెలకల్లా వాళ్ళు కంప్యూటరు మీద గుడ్డ కప్పేశారట, ఆఫీసులో ఆమెకి చెడ్డపేరు వచ్చిందట. ఇక్కడా అదే జరిగితే మూడోసారి ఆమెకి పని ఎవరూ ఇవ్వరట. "మీ మెకానిక్కులు నంబర్లు చెప్పరు, ముక్క చూపిస్తారు. చూసి చెప్పేది మీరు. మీరు లేకుండా నేను కట్టేది ఇంకో అట్టపెట్టె."

మంచితనమని ఒక్క ముక్క అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. సొంత లాభం అంది, నమ్మాను.

ఆమె తన ప్లాను కాగితం చూపించింది. జాబితా తయారు చేసేది జీవరత్నం. జీవరత్నం సరేనన్నాకే ఏ ర్యాకైనా కంప్యూటర్లోకి. కింద ఓనరు గారి సంతకానికి ఖాళీ జాగా. పెట్టెల సంగతి తన నోటి నుంచి తెలిస్తే ఆయన సంతకం పెట్టరనీ, తర్వాత ఆయనంతట ఆయనే తెలుసుకుంటే అసలు పెట్టరనీ చెప్పి, మిగతాది నాకు వదిలేసింది.

వెళ్ళి ఓనరు గారికి చెప్పేశాను. పెట్టెలూ, అరలూ, మూడు వారాల అబద్ధాలూ అన్నీ. ఆయన కౌంటరు మీది క్లచ్ ప్లేటు అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టారు.

"ఇన్నేళ్ళలో ఇది నువ్వు చేసిన మొదటి తప్పా రత్నం, చెప్పిన మొదటి తప్పా?"

"రెండూనండీ" అన్నాను.

ఆయన నమ్మినట్టు కనపడలేదు. ముందు సరైన సీలు పట్టుకెళ్ళి బసవయ్యకిచ్చి రమ్మన్నారు. తర్వాత చూద్దామన్నారు. ఆ చూద్దాంలో నా ఉద్యోగం ఊగిసలాడుతుండగా బస్సెక్కాను.

గన్నవరం దాటుతుండగా ఫోను మోగింది. సింధూరి. కౌంటరు మీద ఎవరో అరిగిన కింగ్‌పిన్ బుష్ పెట్టారట, ఫొటో పంపింది. "ఓనరు గారు నా పక్కనే ఉన్నారండీ. ఇది ఎక్కడుంది?"

ఫొటో చూడగానే తెలిసిపోయింది. తప్పు చెబితే నేను లేక కొట్టు ఆగుతుంది. నిజం చెబితే నేను లేకుండానే నడుస్తుంది. పక్క సీటాయన నా మొహం చూసి కిటికీ తెరిచాడు.

"ఇరవై మూడో ర్యాకు. కింది నుంచి రెండో అర, ఎడంచేతి వైపు."

"నిజమేనా అండీ?"

కోపగించుకోవడానికి నాకు హక్కు లేదు. "నిజమేనమ్మా. రాసుకో."

"లైన్లో ఉండండి, తీసి చూస్తాను."

అడుగుల చప్పుడు, రేకు చప్పుడు, అట్టపెట్టె మూత చప్పుడు. తర్వాత ఓనరు గారి గొంతు. "ఉంది. పక్క అరలో ఏముందో అడుగు. అదీ తీసి చూడు."

చెప్పాను. తీసి చూశారు. దాని పక్కది చెప్పాను. అదీ తీసి చూశారు. తేలప్రోలు వచ్చేసరికి ఆ ర్యాకు అయిపోయింది. వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, కాగితం రెపరెపలాడింది.

"సంతకం సాయంత్రం పెడతాలేమ్మా" అంటున్నారు ఓనరు గారు. "రత్నం ఎదురుగానే పెట్టాలి. లేకపోతే ఆయన నమ్మడు."

నేను ఇరవై నాలుగో ర్యాకు మొదలుపెట్టాను.