దొడ్డి ముందు చప్పట్లు

మా వైపు గొర్రెల్ని తోలే కుక్కల పోటీల్లో, కుక్క పనిలో ఉండగా గొర్రెలు బెదురుతాయని ఎవరూ చప్పట్లు కొట్టరు. చంటిపిల్ల ఏడిస్తే తల్లి షెడ్డు వెనక్కి ఎత్తుకుపోతుంది. ఏళ్ళ తరబడి ఈ పోటీలకి మైకులో వ్యాఖ్యానం చెబుతున్న డెస్మండ్‌కి ఈ సంగతి వేరే చెప్పాలా?

ఆరోజు మార్నీ చివరగా పోటీలోకి దిగింది. గొర్రెల్ని దొడ్డిలోకి తోలి గేటు వేస్తే, మా జిల్లా నుంచి రాష్ట్ర పోటీకి తనే వెళ్తుంది. వీల్‌చైర్ గేటు పక్కన ఆపుకుని, గేటు తాడు పట్టుకుని సన్నగా ఈల వేసింది. ఆమె కుక్క టిల్ పొట్ట నేలకానించి పాకింది. మూడు గొర్రెలూ దొడ్డి ముందుకొచ్చి లోపలికి చూస్తున్నాయి.

అప్పుడు మైకు మోగింది.

"పాపం, కుర్చీకే అతుక్కుపోయిన బతుకు. అయినా మన చిట్టితల్లి ఎలా నవ్వుతోందో చూడండి. గట్టిగా చప్పట్లు కొట్టండి."

నలభై దాటిన మనిషి వీడికి చిట్టితల్లి అట. నవ్వూ లేదు, పాడూ లేదు, ఆమె ఈల వేస్తోంది. జనం మాత్రం చప్పట్లు కొట్టారు, కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. గొర్రెలు బెదిరి తలో దిక్కూ పారిపోయాయి. టైము అయిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

డెస్మండ్ వచ్చి ఆమె తల నిమిరాడు. "బాధపడకు తల్లీ. నీ పరిస్థితి చూసి జడ్జిగారు ఇంకో అవకాశం ఇస్తారులే."

"చెయ్యి తియ్యి, డెస్మండ్," అంది మార్నీ. "జడ్జిగారూ, నా పరిస్థితికేం రాలేదు. బయటి గోల వల్ల ఆట చెడితే ఎవరికైనా మళ్ళీ ఇస్తారు కదా, అలాగే ఇవ్వండి. ఎందుకిచ్చారో మైకులో చెప్పండి. జాలిపడి ఇస్తే ఇంటికెళ్ళిపోతాను."

"ప్రేమకొద్దీ అన్నాడు, పోనీలేమ్మా," అని నసిగాడు జడ్జి.

నేను ఆగలేకపోయాను. "పొద్దున నేను దిగినప్పుడు నా బట్టతలకి చప్పట్లు కొట్టించాడా వీడు?"

జడ్జి మైకు అందుకున్నాడు. వ్యాఖ్యాత మాటల వల్లే గొర్రెలు బెదిరాయని, మార్నీకి మళ్ళీ ఆట ఇస్తున్నామని చెప్పాడు.

వేరే గొర్రెల్ని వదిలారు. రెండు లోపలికెళ్ళాయి, మూడోది తప్పించుకుంది. మార్నీ దాన్ని నోరారా తిట్టి నా దగ్గరికొచ్చింది.

"ఇందాక వాడు ఓడించాడు. ఇప్పుడు ఓడింది నేనే," అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు.

రాష్ట్ర పోటీకి పక్క ఊరివాడు వెళ్ళాడు. ఆ సాయంత్రం క్లబ్బులో అందరూ డెస్మండ్‌ది వెన్నలాంటి మనసని చెప్పుకున్నారు. బీరు సగంలో వదిలేసి నేను లేచి వచ్చేశాను.