చుక్క వెయ్యని వారం

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. మన పెద్దకోడలికి ఆ భాగ్యం కూడా లేదు. చిన్నకోడలు ఆమెను చూసి నవ్వడం మాట అటుంచి, "అక్కా, అక్కా" అంటూ వెనకే తిరిగేది. మంచిదాన్ని చూసి కుళ్ళుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఇద్దరూ పనిచేసేది ఒకే ల్యాబులో. పెద్దకోడలు అక్కడ పన్నెండేళ్ళుగా టెక్నీషియన్. కణాలను పెంచడంలో ఆమె చేతికి తిరుగులేదు. చిన్నకోడలు రెండేళ్ళ కిందట వచ్చిన సైంటిస్టు. ఖాళీ ఉందని కబురు చెప్పి రప్పించింది కూడా పెద్దకోడలే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఇంటికెవరొచ్చినా, చిన్నకోడలు క్యాన్సర్‌కి మందు కనిపెడుతోందని అత్తగారు మురిసిపోయేది. మరి పెద్దకోడలో అని అడిగితే, "అదీ అక్కడే. సీసాలవీ చూస్తుంది" అనేది. కడుపు మండదూ మరి?

చిన్నకోడలి పని కడుపు క్యాన్సర్ మీద. జీర్ణాశయం గోడలో మూలకణాలుంటాయి. చుట్టుపక్కల కణాలు పెరగమని కబురు పంపితేనే అవి పెరుగుతాయి. ఆ కబురు మోసే ప్రొటీన్‌ను ల్యాబులో ఫ్యాక్టర్ అంటారు. క్యాన్సర్ గడ్డలన్నిటికీ అదే ఆధారమనీ, దాన్ని ఆపితే ఏ గడ్డైనా ఎండిపోతుందనీ చిన్నకోడలి నమ్మకం. ఆరుగురు రోగుల గడ్డల నుంచి తీసిన కణాలను ఆరు పళ్ళేల్లో పెంచుతోంది. రోజు విడిచి రోజు వాటికి ఆహారం మార్చి, ఒక్కో చుక్క ఫ్యాక్టర్ వెయ్యాలి.

ఇంతలో ఆ పని గురించి మాట్లాడమని ఆమెను ఓ పెద్ద సభకు పిలిచారు. వారం రోజులు ఊళ్ళో ఉండదు. "నీ చేతిలో పెడితే నాకు బెంగ లేదక్కా" అని పళ్ళేలు అప్పగించి వెళ్ళింది. అత్తగారు తన కొత్త శాలువా ఇచ్చి మరీ సాగనంపింది. ఇన్నేళ్ళలో పెద్దకోడలికి ఒక చేతిరుమాలైనా ఇచ్చిన పాపాన పోలేదు.

ఆ వారంలో పెద్దకోడలు మూడుసార్లు ఆహారం మార్చింది. మూడుసార్లూ ఫ్యాక్టర్ సీసా ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. మరుపు కాదు, కావాలనే. మొదటిసారి సీసా మీద చెయ్యి వేసి తీసేసింది, మూడోసారికి దానివైపు చూడనైనా లేదు. రికార్డు పుస్తకంలో మాత్రం మూడుసార్లూ 'వేశాను' అని రాసి సంతకం పెట్టింది.

చిన్నకోడలు వచ్చి, మైక్రోస్కోపులో చూసింది. నాలుగు పళ్ళేల్లో కణాలు చచ్చి తేలుతున్నాయి. రెండింటిలో మాత్రం మునుపటికంటే ఒత్తుగా పెరిగాయి. ఫ్యాక్టర్ వేసినా ఇలా అయిందంటే ఏ సూక్ష్మజీవో చేరి ఉంటుందనుకుంది. ఇక దేన్నీ నమ్మడానికి లేదు, ఆరూ బ్లీచ్‌లో పోసేసి, తప్పు నాదేనని డైరెక్టరుకు చెప్పేస్తానంది. కళ్ళు తుడుచుకుంటూ డబ్బా మూత తీసింది.

పెద్దకోడలు కోరుకున్నది సరిగ్గా ఇదే. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆమె చూపు ఆ రెండు పళ్ళేల మీది నుంచి కదలడం లేదు. చుక్క పడకపోయినా బతికాయి, పైగా పెరిగాయి. అంటే, ఫ్యాక్టర్‌ను ఆపినా ఎండిపోని గడ్డలూ ఉన్నాయని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రెండు గడ్డల రోగులకూ ఆపరేషన్లయిపోయాయి, ఆ కణాలు మళ్ళీ దొరకవు. నిజం చెబితే ఉద్యోగం పోవచ్చు. అంతకంటే బాధ, ఈ కొత్త సంగతి కనిపెట్టిన పేరు కూడా చిన్నకోడలికే వస్తుంది.

పళ్ళెం వంచబోతున్న చేతిని పట్టుకుంది.

"పారబొయ్యకు. నేను ఫ్యాక్టర్ వెయ్యలేదు."

"మర్చిపోయావా అక్కా?"

"లేదు. నువ్వు ఏడవాలని వెయ్యలేదు."

చిన్నకోడలు డబ్బాకు మూత పెట్టేసింది. తర్వాత ఆ రెండు పళ్ళేలనూ మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఇవెలా పెరిగాయని తనలో తను అనుకున్నట్టు అడిగింది.

"వీటికి ఎవరూ పెట్టక్కర్లేదు. కావలసింది లోపలే వండుకుని తింటాయి" అంది పెద్దకోడలు. "అలాంటిది ఎలా పెరుగుతుందో నాకు తెలుసు."

చిన్నకోడలు రికార్డు పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. పెద్దకోడలు 'వేశాను' అన్న మూడుచోట్లా కొట్టేసి, 'వెయ్యలేదు' అని రాసి, సంతకం పెట్టింది.

"పక్కన ఇవాళ్టి తేదీ కూడా వెయ్యండి" అంది చిన్నకోడలు.

ఆమె నోట 'అండి' వినడం పెద్దకోడలికి అదే మొదటిసారి.