లోపల విడిచిన గుడ్డ

మక్తల్ బస్టాండు వెనక సందులో లియాఖత్ అలీ కుట్టు దుకాణం ఉంది. ఆడవాళ్ల బట్టలు కుట్టడంలో చేయి తిరిగిన మనిషి. ఆ పొద్దు ఆయన ఒళ్లో ఉన్నది కూతురు అల్మాస్ కుర్తా. బ్లేడు అంచుతో పక్క కుట్లు మెల్లగా విప్పుతున్నాడు. జాకెట్టు కోసం వచ్చిన జంగమ్మ స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

"ఏం లియాఖతూ, రంజానుకు కుట్టిన అంగీ గదా గది? అప్పుడే విప్పుతున్నవ్?"

"పిల్లకు జర బిగుతయ్యింది అక్కా."

"నా కోడలి జాకెట్ బిగుతైందంటే లోపల గుడ్డ లేదంటివి. నీ బిడ్డకైతే బొచ్చెడు ఇడుస్తవా?"

లియాఖత్ నవ్వాడు. "మా ఖాందాన్ ఆడోళ్ల ఒళ్లు నాకెర్కలేదా అక్కా! మా అమ్మ ఖాదర్‌బీ గట్లనే ఉండె. చెల్లె నాజియా గట్లనే ఉంది. అల్మాస్ మాత్రం ఏడికి పోతది? అందుకే ముందుగాల్నే గుడ్డ ఇడిచి కుడత."

ఈ మాటలో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. మీకూ నాకూ కూడా మొదట కనిపించదు. అది తండ్రి ప్రేమే కదా! బట్ట బిగుతైందని పిల్ల చిన్నబుచ్చుకోకూడదు. అందుకని ఆమెకు తెలియకుండా కుట్టు విప్పి, ఇంకాస్త బయటికి కుట్టి, మళ్లీ కొక్కేనికి తగిలించేవాడు. తొడుక్కుంటే సరిపోయేది. సరిపోయిందని ఆమె అనుకునేది. ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు. "తినే పిల్లకు దిష్టి పెట్టొద్దు" అని ఖాదర్‌బీ బతికున్నప్పుడు చెప్పిన మాట ఇంకా నడుస్తూనే ఉంది.

చిన్నప్పుడు అల్మాస్ ఊరి ఆ చివర ఉన్న బడికి నడిచే వెళ్లేది. కాలేజీకి వచ్చాక ఒకరోజు సందు మొగలో ఎవడో "లారీ వస్తాంది, జరుగుండ్రి" అని నవ్వాడు. పిల్ల ఏడ్చుకుంటూ వచ్చింది. లియాఖత్ వాడిని ఏమీ అనలేదు. తెల్లారి నుంచి అల్మాస్‌కు ఆటో మాట్లాడాడు. ఆ రోజుతో ఆమె నడక ఆగిపోయింది. డిగ్రీ అయ్యాక గడప దాటడమే ఆగిపోయింది.

ఆ ఎండాకాలంలో, అదే ఊళ్లో కాపురముండే నాజియా దుకాణానికి వచ్చింది. మూడు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడింది.

"భాయ్‌జాన్, ఈసారి ఉన్న గుడ్డంత ఇడిచెయ్. దమ్ము ఆడుతలేదు."

"అమ్మ గూడ గిట్లనే ఆయాసపడేది, ఎర్కేనా? అచ్చం అమ్మవే నువ్వు" అన్నాడు లియాఖత్ ముద్దుగా. అలా అంటూనే కుట్టు విప్పాడు.

వారం తిరగకముందే నాజియాను దవాఖానలో చేర్చారు. డాక్టరమ్మ శ్రీదేవి పరీక్షలన్నీ చూసింది.

"షుగరు, బీపీ చాన్నాళ్ల సంది ఉన్నయి. గుండె మీద పడ్డది. ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నాయా?"

"మా ఖాందానే గంత మేడం. అమ్మకు షుగరుతోని కాలు తీసేసిన్రు. మాది పుట్టుకతోని వచ్చిన ఒళ్లు."

"మీకు బిడ్డలున్నరా?"

లియాఖత్ తల వంచుకున్నాడు. "ఒక్కతే."

"ఆమెను గూడ తీస్కరాండ్రి. నెత్తురు పరీక్ష చేద్దాం."

"పెండ్లి కావాల్సిన పిల్ల మేడం. దవాఖానకు వచ్చిందంటే ఏదో రోగమున్నదంటరు."

మంచం మీది నుంచి నాజియా చెయ్యెత్తింది. "తీస్కరా భాయ్‌జాన్. నన్ను ఎవ్వరు తీస్కరాలే."

"నువ్వు ముందుగాల బాగుపడు. తర్వాత చూద్దాం."

నాజియా బాగుకాలేదు. ఆ మంచం మీది నుంచి లేవలేదు. ఆమె చిన్న కూతురు ఇంకా బడి మొహం కూడా చూడలేదు.

నలభయ్యో రోజు చాలీసు అయ్యాక, చనిపోయినవాళ్ల బట్టలు లేనివాళ్లకు ఇవ్వాలని బావ మూట కట్టి దుకాణానికి పంపాడు. తీసుకునే ఆడవాళ్లు బక్కచిక్కినవాళ్లు. కుదించి కుట్టి ఇవ్వాలి. లియాఖత్ చెల్లెలి ఆకుపచ్చ కుర్తాను తిరగేశాడు.

లోపల పక్కన కుట్టు గీతలు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి, పాత సూది రంధ్రాల వరుసలు. ప్రతి వరుసా ఆయన విప్పిందే. చివరి వరుస గుడ్డ అంచును తాకుతోంది. ఆ తర్వాత విడవడానికి ఏమీ లేదు.

తర్వాత, విప్పడానికని తెచ్చి గోడకు తగిలించిన అల్మాస్ కుర్తాను దించి తిరగేశాడు. అవే వరుసలు. అంచుకు ఇంకా కాస్త దూరం ఉంది, అంతే.

'బిడ్డకు ఏమైతాందో నాకు ఎర్కనే. ఎర్కుండి కుట్టు విప్పిన గని నోరు విప్పలే' అనుకున్నాడు. మిషను మీద తల పెట్టి ఏడ్చాడు.

మరునాడు కూతురిని దవాఖానకు తీసుకుపోయాడు. అల్మాస్‌కు షుగరు ఇంకా రాలేదు కానీ గడప దగ్గర నిలబడి ఉందని పరీక్షలో తేలింది. లియాఖత్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

శ్రీదేవి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఏడ్వకు లియాఖత్ భాయ్. ఖాందాన్‌ల ఉన్నదంటే నొసటి రాత గాదు. ముందుగాల్నే వచ్చిన ఖబరు. గసొంటి ఇంట్ల పుట్టిన పిల్లకు అందరికన్న ముందు పరీక్షలు చేయించాలె. గిది పిల్ల తప్పు గాదు, తిట్టొద్దు. ఉపాసముంచొద్దు. ఆమె ఒక్కదానికే వేరే తలెల వేరే తిండి పెడితే అది శిక్షయితది. ఇల్లంత ఒక్క తీరుగ తినుండ్రి, ఒక్క తీరుగ నడువుండ్రి."

ఇంటికి రాగానే లియాఖత్ కత్తెర తీశాడు. అల్మాస్ కుర్తా లోపల మిగిలిన గుడ్డను కోసేయబోయాడు. లోపలి పాత కుట్ల వరుసలు చూసి అల్మాస్ ఆయన చెయ్యి పట్టుకుంది.

"గుడ్డ కోస్తే నా ఒళ్లు తగ్గుతదా అబ్బాజాన్?"

"ఇంకెన్నడు విప్పను బేటీ."

"విప్పుడు గాదు నన్ను ముంచింది. నాకు చెప్పకపోవుడు. బట్ట సరిపోతాంది గదా, అంత మంచిగనే ఉన్నననుకున్న." కత్తెర లాక్కుని పక్కన పెట్టింది. "నా నడక బంద్ జేసినవ్. రేపటి సంది నువ్వు గూడ నాతోని నడువు. ఎవడన్న నవ్వితే ఈసారి జవాబు నువ్వు చెప్పాలె."

తెల్లారి తండ్రీ కూతుళ్లు బయలుదేరారు. సందు మొగలో ఎవరో తిరిగి చూశారు. లియాఖత్ ఆగి వాళ్ల కళ్లలోకి సూటిగా చూశాడు. ఎవరూ నవ్వలేదు. ఊరి బయట కబ్రస్తాన్ గోడ దగ్గర అల్మాస్ ఆయాసంతో నిలబడింది. లోపల కొత్త సమాధి మీద మట్టి ఇంకా ఎర్రగానే ఉంది.

"నాజియా ఫుప్పును గూడ గిట్ల నడిపిస్తే బతుకుతుండెనా అబ్బాజాన్?"

లియాఖత్ తువ్వాలుతో కూతురి నొసటి చెమట తుడిచి, "పద బేటీ, మెల్లగ పోదాం" అన్నాడు.

అయ్యా, అమ్మా! అవ్వకో అమ్మకో మేనత్తకో ఉన్న భారం రేపు మన ఆడపిల్ల మీదికి రావచ్చని తెలిసినప్పుడు, దాన్ని గుడ్డ మడతల్లో దాచకండి. నోరు తెరిచి చెప్పండి, వేళకు పరీక్ష చేయించండి, ఆ పిల్ల పక్కన మీరూ నడవండి.