తేలిక చెయ్యి

ఆ వీధిలో ఆమెని అందరూ టైలరమ్మ అనేవారు. ఆమె చెయ్యి తేలిక. కొలత తీస్తుంటే టేపు ఒంటికి తగిలినట్టే ఉండదని, గుండుసూది గుచ్చి తీసినా తెలియదని వచ్చినవాళ్ళంతా చెప్పుకునేవారు. పదిహేనేళ్ళుగా ఆ మాట వినీ వినీ ఆమెకి కాస్త గర్వం కూడా పట్టుకుంది. పట్టదూ మరి? మిషను ఎవరైనా తొక్కుతారు, అలాంటి చెయ్యి అందరికీ రాదు.

ఆ చెయ్యిని కన్నకూతురు మాత్రం ఒంటి మీద వెయ్యనిచ్చేది కాదు.

కూతురికి నాలుగేళ్ళు. ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడుస్తుందని ఇంట్లో పిట్ట అని పిలుస్తారు. మడమ ఆనితే నేల కరుస్తుందన్నట్టు ఉంటుంది దాని వ్యవహారం. గదిలోకి వస్తూ వస్తూ గుమ్మాన్ని గుద్దుకుంటుంది. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే జారి పడుతుంది. గ్లాసు పట్టుకుంటే వదిలేస్తుంది, రొట్టె ముక్క పట్టుకుంటే పిండి పిండి చేస్తుంది. మేజోడులో కుట్టు తగిలిందంటే ఇక ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు.

"టైలరింట్లో పుట్టి కుట్టంటే గిట్టని పిల్ల!" అని నవ్వేవాడు తండ్రి. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని పోతే మళ్ళీ సాయంత్రానికే రావడం. కాబట్టి ఆయనకి నవ్వొచ్చేది. రోజంతా పిల్లతో గడిపే తల్లికి తల ప్రాణం తోకకొచ్చేది.

చెంప నిమరబోతే చాలు, తోలు ఒలిచినట్టు అరిచేది పిట్ట. అమ్మా అని పిలిచేది కూడా కాదు. కావలసింది వేలితో చూపించేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పిల్ల తనంతట తను వచ్చి ఒళ్ళో వాలితే చాలు, ఇంకేమీ అడగను అనుకునేది ఆమె. పైకి అనేది కాదు. అంటే ఏడుపొస్తుందని భయం.

కుట్టుగదిలో ఒక బొమ్మ ఉంది. తలా చేతులూ లేని ఆడమనిషి మొండెం. లోపల పీచు కూరి, పైన మందపాటి గుడ్డ బిగించి, ఇనప కాలు మీద నిలబెట్టింది. కుట్టిన గౌనైనా కోటైనా ముందు దానికి తొడిగి చూసుకోవలసిందే. పని లేనప్పుడు దుమ్ము పడకుండా నేల దాకా తెల్ల దుప్పటి కప్పి ఉంచేది.

ఒక మధ్యాహ్నం దారం రీలు కోసం వచ్చి, ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. పిట్ట దుప్పటి మీదుగా బొమ్మని రెండు చేతులా వాటేసుకుని, చెంప దాని పొట్టకి ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి నిలబడి ఉంది. మడమలు రెండూ నేల మీదే ఉన్నాయి.

ముందు సంతోషం కలిగింది. ఆ వెంటనే ప్రాణం చివుక్కుమంది. బొమ్మని చూసి కుళ్ళుకుందంటే ఎవరైనా నవ్వుతారు గానీ, కుళ్ళుకుంది. ఇంతలో ఏవో గుసగుసలు వినిపించాయి. పిట్ట బొమ్మతో కబుర్లు చెబుతోంది. మధ్య మధ్యలో ఆగి, వింటున్నట్టు తల ఊపుతోంది. తల్లి అడుగు ముందుకు వేసిందో లేదో, మాట ఆగిపోయింది, మడమలు లేచాయి.

ఇక అది రోజూ ఉండే భాగోతమైంది. కిటికీ వైపు తిప్పి పెట్టిన బొమ్మ తెల్లారేసరికి గుమ్మం వైపు తిరిగి ఉండేది.

"నువ్వు కుట్టింది నచ్చక మొహం తిప్పుకుంటోందేమో," అన్నాడు భర్త.

"దానికి మొహం ఎక్కడుందండీ?" అంది ఆమె. ఆయన నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

ఒకనాడు కొత్త గౌను బొమ్మకి తొడిగితే నడుము దగ్గర వదులైంది. అదేమిటని టేపు పెట్టి చూసింది. పదిహేనేళ్ళుగా ముప్ఫై అంగుళాలున్న నడుము ఇరవై తొమ్మిదిన్నరకి వచ్చింది. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది, సాగితే కొలత తక్కువే చూపిస్తుంది. ఆ సంగతి ఏ టైలరుకైనా తెలుసు. బజారుకెళ్ళి కొత్త టేపు కొనుక్కొచ్చింది. అదీ ఇరవై తొమ్మిదిన్నరే చెప్పింది. నెల తిరిగేసరికి ఇరవై తొమ్మిది. ఛాతీ, భుజాలు, తుంటి కూడా మారాయి. కాగితం మీద రాసుకుంటూ రాసుకుంటూ చివరి అంకె దగ్గర పెన్సిలు ఆపేసింది. ఆ కొలతలు తనవే. ఎడమ భుజం కుడి భుజం కంటే పావంగుళం కిందికుండటంతో సహా.

ఆ వారమే పిల్లని తీసుకుని, పిల్లల థెరపిస్టు దగ్గరికి వెళ్ళింది. కొలతల మాట ఎత్తలేదు, పిచ్చిదాన్ననుకుంటారని. తక్కినవన్నీ చెప్పింది.

థెరపిస్టు పెద్దావిడ. మాటలతో చెప్పకుండా ముందు ఆమె ముంజేతి మీద వేళ్ళ కొసలతో మెల్లగా రాసింది. తరవాత అదే చోట అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కి పట్టుకుంది.

"మొదటిది మీ పాపకి చీమలు పాకినట్టు ఉంటుందమ్మా. రెండోది హాయిగా ఉంటుంది. తన చెయ్యి ఎక్కడుందో, కాలు ఎక్కడుందో ఒళ్ళు సరిగ్గా చెప్పదు దానికి. గట్టిగా, కదలకుండా ఆనుకునేది దొరికితే అప్పుడు తెలుస్తుంది. అందుకే ఆ బొమ్మ. మీరు నిమరకండి, తట్టకండి. నిలబడండి. అదే వస్తుంది."

ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది. ఇన్నేళ్ళూ ఆ పసిదాన్ని ముద్దు చేస్తున్నాననుకుంది. చేసింది హింస అని ఇప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి ప్రయత్నించింది. గట్టిగా పట్టుకుందామనే చాపింది చెయ్యి. తీరా భుజం దగ్గరికి వెళ్ళేసరికి దానంతటదే తేలికైపోయింది, పట్టు గుడ్డ మీద వేసినట్టు. పిట్ట కెవ్వుమని బల్ల కిందికి దూరింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చివరికి తల్లి అడుగుల చప్పుడు వింటేనే పిల్ల గోడకి అతుక్కుపోవడం మొదలుపెట్టింది.

ఆ తరవాత ఆమె చేసిన పని ఎవరికీ చెప్పుకునేది కాదు. పిట్ట పడుకున్న ఒక మధ్యాహ్నం బొమ్మని ఎత్తుకుని కిందికి దించి, మెట్ల కింద సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. పైకొచ్చి, బొమ్మ ఉండే చోట నిలబడి, తల వంచుకుని, నెత్తి మీంచి నేల దాకా దుప్పటి కప్పుకుంది. పిడికిళ్ళు బిగించింది. ఊపిరి సన్నగా తీస్తూ ఎదురుచూసింది.

చాలాసేపటికి పిట్ట లేచి వచ్చింది. మునివేళ్ళ చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. అంతలో బరువు, పసిపిల్ల ఒంటి బరువంతా వచ్చి ఆమె మీద వాలింది. నాలుగేళ్ళలో ఎన్నడూ ఎరగని బరువది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"అమ్మా," అంది పిట్ట. "ఇవాళ కూడా వెచ్చగా ఉన్నావు."

ఆమె పిడికిళ్ళు విప్పకుండానే, దుప్పటి లోపలినుంచి ముంజేతులతో పిల్లని అదిమింది. పిట్ట ఉలిక్కిపడలేదు. "ఇంకా," అంది. ఆమె ఇంకా అదిమింది.

"ఆ వేళ్ళావిడ ఏది?"

ఎవరి గురించి అడుగుతోందో ఆమెకి తెలిసింది. తన గురించే. ఇప్పుడు దుప్పటి తీసి, నేనేనమ్మా మీ అమ్మని అంటే సరిపోతుంది. పిల్ల ఎగిరి దూరంగా పోతుంది. ఇంకెప్పుడూ రాదు.

"మెట్ల కింద పెట్టేశాను," అంది గొంతు తగ్గించి.

"తాళం వేశావా?"

"వేశాను."

"మళ్ళీ వస్తుందా?"

"రాదు."

పిట్ట నిట్టూర్చి, ఉన్న కాస్త బిగువూ వదిలేసి ఆనుకుంది. ఎంతసేపైందో తెలియలేదు. గదిలో వెలుతురు పలచబడింది. వీధి తలుపు తెరుచుకుంది. భర్త సంచీ కింద పెట్టిన చప్పుడు, ఆమెని రెండుసార్లు పిలిచిన చప్పుడు వినిపించాయి. తరవాత ఆయన కుట్టుగది గుమ్మంలోకి వచ్చాడు.

"ఇక్కడున్నావా పిట్టా? అమ్మేదే?"

"ఇదిగో," అంది పిట్ట, చెంప తియ్యకుండా.

ఆయన నవ్వాడు. "అది బొమ్మే తల్లీ! అమ్మ ఎక్కడికెళ్ళింది?"

"ఇదే అమ్మ. ఆవిడ ఇంక రాదు."

పిల్ల మాటలేనని ఆయన వంటగది వైపు నడిచాడు. అక్కడా పిలిచాడు, పడగ్గదిలోనూ పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు గొంతులో కంగారు వినిపించింది. ఆమె నోరు తెరవబోయింది. చేతుల్లో పిట్ట ఒళ్ళు బిగుసుకుంది.

ఆమె ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడింది.